భూకంపాల పటం, అగ్నిపర్వతాల పటం పూర్తిగా ఎందుకు కలవవు?

ప్రశ్న

అందరికీ నమస్కారం. భూకంప కేంద్రాలను చుక్కలతో గుర్తించిన ప్రపంచ పటాన్నీ, క్రియాశీల అగ్నిపర్వతాలను గుర్తించిన పటాన్నీ ఒకే కొలతకు తెచ్చి, ఒకదానిపై ఒకటి పెట్టి చూశాను. పసిఫిక్ మహాసముద్రం చుట్టూ ఉన్న అగ్నివలయం వెంబడి రెండు రకాల చుక్కలూ చాలావరకు కలిసే ఉన్నాయి. భూమి గట్టి పైభాగం విడివిడిగా కదిలే పెద్ద ముక్కలైన పలకల సరిహద్దులలో భూకంపాలూ అగ్నిపర్వతాలూ ఏర్పడతాయని పాఠ్యపుస్తకాలలో చదువుకున్నదానికి అది సరిపోయింది. అయితే మూడు చోట్ల మాత్రం ఆ వాక్యం పటానికి పొసగడం లేదు.

మొదటిది హిమాలయాలు. 1905లో కాంగ్రా, 1934లో నేపాల్–బీహార్, 1950లో అస్సాం–టిబెట్, 2015లో మళ్ళీ నేపాల్, ఇలా నూట పదేళ్ళలోనే ఇన్ని పెద్ద భూకంపాలను చూసిన ఆ పర్వతశ్రేణిలో ఒక్క క్రియాశీల అగ్నిపర్వతమైనా లేదు. రెండవది హవాయి. అన్ని సరిహద్దులకూ వేల కిలోమీటర్ల దూరాన, పసిఫిక్ పలక నడిమధ్యలో ఉన్నా, ప్రపంచంలోకెల్లా చురుకైన అగ్నిపర్వతాలలో కొన్ని అక్కడే ఉన్నాయి. మూడవది ఆండీస్. దక్షిణ అమెరికా పడమటి తీరం వెంబడి నాజ్కా పలక ఖండం కిందికి దిగుతున్నదంటారు. అలాంటప్పుడు అగ్నిపర్వతాలు కూడా ఆ తీరం పొడవునా వరుసగా ఉండాలి కదా. ఉత్తర, మధ్య పెరూలోనూ, మధ్య చిలీలో కొంత మేరా వందల కిలోమీటర్ల ఖాళీలు కనబడుతున్నాయి. ఆ ఖాళీలలో భూకంపాలకు మాత్రం కొదవ లేదు.

సరిహద్దు అన్న ఒక్క కారణంతో రెండింటినీ వివరించడం సరైనదేనా, లేక వాటి కారణాలు వేరువేరా? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరని ప్రార్థన.

మొదటి సమాధానం

మీరు ఎత్తిచూపిన మూడు చోట్లూ సరైనవే. చిక్కంతా ఆ పాఠ్యపుస్తక వాక్యంలోనే ఉంది. భూకంపం రావాలంటే రాయి విరగాలి. అగ్నిపర్వతం పుట్టాలంటే రాయి కరగాలి. ఈ రెండింటికీ కావలసిన పరిస్థితులు వేరు. పలకల సరిహద్దులలో చాలాచోట్ల ఆ రెండు రకాల పరిస్థితులూ దగ్గర దగ్గరగా ఏర్పడతాయి కాబట్టి పటాలు కలిసినట్టు కనబడతాయి. ఒకటి ఉండి రెండోది లేనిచోట అవి విడిపోతాయి.

ముందు విరగడం సంగతి చూద్దాం. పలకలు ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల వేగంతో కదులుతాయి. లోతున, వేడిగా ఉన్న భాగంలో ఈ కదలిక ఎడతెగకుండా సాగినా, పైన చల్లగా గట్టిగా ఉన్న భాగంలో రెండు పలకల అంచులు రాపిడి వల్ల ఒకదాన్నొకటి పట్టుకుని నిలిచిపోతాయి. చుట్టూ ఉన్న రాయి ఆ ఒత్తిడికి కొద్దికొద్దిగా వంగుతూ శక్తిని నిలవ చేసుకుంటుంది. పట్టు తప్పిన నాడు, శతాబ్దాల పాటు ఆగిపోయిన కదలిక కొన్ని సెకన్లలోనో నిమిషాలలోనో జరిగిపోతుంది. 2011లో జపాన్‌లోని తోహోకు తీరానికి ఆవల, సముద్రపు కందకం (పలక కిందికి దిగే చోట ఏర్పడే లోతైన లోయ) సమీపంలో, భ్రంశానికి (రాయి విరిగి జారే తలానికి) పైనున్న రాయి సుమారు 50 మీటర్ల మేర ముందుకు జరిగింది. అక్కడ పసిఫిక్ పలక ఏడాదికి 8 సెంటీమీటర్ల పైచిలుకు వేగంతో దిగుతుంది. ఆ లెక్కన ఆ ఒక్క కుదుపులో తీరినది దాదాపు ఆరు శతాబ్దాల బాకీ అన్నమాట.

ఇందులో ఉష్ణోగ్రతదే పెద్ద పాత్ర. ఖండాల పటలంలో (భూమి పైపొరలో) క్వార్ట్జ్ అనే ఖనిజం ఎక్కువగా ఉన్న రాయి సుమారు 300 నుంచి 350 డిగ్రీల సెల్సియస్ దాటిన తరువాత విరగడం మాని నెమ్మదిగా సాగడం మొదలుపెడుతుంది. అందుకే ఖండాలలో ఎక్కువ భూకంపాలు పైనున్న 15, 20 కిలోమీటర్లలోనే పుడతాయి. భూకంపం ఎంత పెద్దదన్నది జారిన తలం వైశాల్యం మీద, జారిన దూరం మీద ఆధారపడుతుంది. చల్లని సముద్రపు పలక మరొక పలక కిందికి తక్కువ వాలుతో దిగే సబ్‌డక్షన్ మండలాలలో పట్టుపడి ఉన్న తలం వంద కిలోమీటర్లకు పైగా వెడల్పు, ఒక్కొక్కసారి వెయ్యి కిలోమీటర్ల పొడవు ఉంటుంది. పరికరాలపై నమోదైన వాటిలో అతి పెద్దవైన 1960 నాటి చిలీ (9.5), 1964 నాటి అలాస్కా (9.2), 2004 నాటి సుమత్రా (9.1) భూకంపాలు మూడూ అటువంటి చోట్ల పుట్టినవే. అదే సముద్రం నడుమ పలకలు విడిపోయే రిడ్జ్‌ల దగ్గర వేడి రాయి సముద్రపు నేలకు అతి సమీపంలో ఉంటుంది. విరగగలిగిన పొరే పలుచన కాబట్టి అక్కడ భూకంపాలు లెక్కకు ఎక్కువే అయినా పరిమాణంలో చిన్నవి.

ఇక కరగడం. పలకలు కరిగిన లావా సముద్రం మీద తేలుతున్నాయని చాలామంది అనుకుంటారు. బొమ్మలలో ప్రావారానికి (పటలం కింద ఉన్న మందపాటి పొరకు) వేసే ఎర్రటి రంగు కూడా ఆ భ్రమను పెంచుతుంది. నిజానికి భూప్రావారం ఘనపదార్థం. ద్రవంలో ప్రయాణించలేని ఎస్-తరంగాలనే భూకంప తరంగాలు పటలం అడుగు నుంచి 2,900 కిలోమీటర్ల లోతున ఉన్న బాహ్య కేంద్రం అంచు వరకూ ప్రావారం గుండా సాగిపోతాయి. సుత్తితో కొడితే పగిలే తారుగడ్డ, ఏళ్ళ తరబడి వదిలేస్తే తన బరువుకు తానే జారినట్లు, ప్రావారం కూడా ఘనంగా ఉంటూనే లక్షల ఏళ్ళ మీద ప్రవహిస్తుంది. అంటే శిలాద్రవం భూమి లోపల ఎక్కడ తవ్వితే అక్కడ దొరికేలా నిలవ ఉండదు. దాన్ని అక్కడికక్కడ తయారుచేసే కారణమేదో ఉండాలి.

ఒక కారణం ఒత్తిడి తగ్గడం. లోతున ఉన్న రాయి ఎంతో వేడిగా ఉన్నా, పైనున్న బరువు దాన్ని కరగనివ్వదు. ఒత్తిడి పెరిగేకొద్దీ రాయి కరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. రెండు పలకలు విడిపోయే చోట, ఆ ఖాళీని భర్తీ చేస్తూ ప్రావారపు రాయి పైకి లేస్తుంది. ఆ క్రమంలో అది చల్లబడేది కొద్దిగానే, ఒత్తిడి మాత్రం బాగా తగ్గిపోతుంది కాబట్టి, ఎక్కడి నుంచీ కొత్త వేడి రాకుండానే అందులో కొంత భాగం కరుగుతుంది. సుమారు 65,000 కిలోమీటర్ల పొడవున భూగోళాన్ని చుట్టి ఉన్న మధ్య సముద్ర రిడ్జ్‌లంతటా జరిగేది ఇదే. భూమి లోపలి నుంచి పైకి వచ్చే శిలాద్రవంలో అధిక భాగం అక్కడే వస్తుంది. సాధారణంగా రెండు మూడు కిలోమీటర్ల నీటి అడుగున ఉండటం వల్ల మన కంట పడదు, అంతే. ఐస్‌లాండ్‌లో మాత్రం ఆ రిడ్జ్ సముద్రం పైకి తేలి ఉంది. కాబట్టి మీ దగ్గరున్నది నిజానికి నేల మీది అగ్నిపర్వతాల పటం. సముద్రగర్భాన్ని కూడా చేర్చి గీస్తే దాని రూపమే మారిపోతుంది.

రెండవ కారణం, మీ ప్రశ్నకు అతి ముఖ్యమైనది, నీరు. సముద్రపు పలక కోట్ల ఏళ్ళపాటు నీటి కింద ఉండటం వల్ల, పగుళ్ళలోకి దిగిన నీరు అందులోని ఖనిజాలతో చర్య జరిపి వాటి నిర్మాణంలోనే భాగమైపోతుంది. ఆ పలక మరొక పలక కిందికి దిగుతున్నప్పుడు వేడీ ఒత్తిడీ పెరిగి, ఆ ఖనిజాలు విచ్ఛిన్నమై నీటిని వదులుతాయి. ఆ నీరు పైకి లేచి, రెండు పలకల మధ్య త్రికోణాకారంలో ఇరుక్కుని ఉన్న వేడి ప్రావారంలోకి చేరి, దాని కరిగే ఉష్ణోగ్రతను కొన్ని వందల డిగ్రీలు తగ్గిస్తుంది. దిగుతున్న పలకే కరిగి అగ్నిపర్వతం అవుతుందని చాలాచోట్ల రాస్తారు గాని, ప్రధానంగా కరిగేది ఆ పలకకు పైనున్న ప్రావారం.

అందువల్లనే, దిగే పలక సుమారు 100 కిలోమీటర్ల లోతుకు చేరిన చోటికి పైన అగ్నిపర్వతాల వరుస మొదలవుతుంది. జపాన్‌లోనైనా, జావాలోనైనా, దక్షిణ చిలీలోనైనా ఆ వరుస కందకానికి సమాంతరంగా, దానికి నూరు మొదలుకొని మూడు వందల కిలోమీటర్ల ఎడంగా సాగుతుంది. మీ పటంలో జపాన్ భాగాన్ని బాగా పెద్దది చేసి చూడండి. పెద్ద భూకంపాల చుక్కలు ఎక్కువగా తూర్పున సముద్రంలోనూ, అగ్నిపర్వతాల చుక్కలు నేల మీదా ఉంటాయి. దూరం నుంచి చూసినప్పుడు ఒకే గీతలా కనబడేది దగ్గరికి వెళితే రెండు గీతలు.

మూడవ కారణం కూడా ఉంది. పైకి వచ్చిన శిలాద్రవం ఖండపు పటలాన్ని వేడెక్కించి దాన్నీ కరిగించడం. మన చర్చకు అది అంతగా అవసరం లేదు.

ఇప్పుడు హిమాలయాల సంగతి తేలికవుతుంది. భారత పలక ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల వేగంతో ఉత్తరంగా జరుగుతున్నది. అందులో 2 సెంటీమీటర్ల దాకా హిమాలయాలలోనే ఇమిడిపోతుంది. మిగిలినది టిబెట్టునూ, ఇంకా ఉత్తరాన ఉన్న ప్రాంతాలనూ నలుపుతుంది. పర్వతాల కింద తక్కువ వాలుతో పరుచుకున్న పెద్ద భ్రంశతలం ఒకటి పట్టుబడి ఉంది. అంటే విరగడానికి కావలసినవన్నీ ఉన్నాయి. కరగడానికి కావలసినవే లేవు. ఖండపు పటలం తేలిక కాబట్టి సముద్రపు పలకలా ప్రావారంలోకి నిటారుగా మునగదు. టిబెట్ అడుగున దాదాపు అడ్డంగా దూరి, అక్కడి పటలం సుమారు 70 కిలోమీటర్ల మందం కావడానికి ఒక కారణమైంది. నీటిని మోసుకుని దిగే సముద్రపు పలకా లేదు, ఆ నీటికోసం ఎదురుచూసే వేడి ప్రావారమూ ఆ పర్వతాల కింద లేదు. ఒకప్పుడు ఈ రెండూ ఉండేవి. భారత్, ఆసియాల నడుమ ఒకప్పుడున్న టెథిస్ సముద్రపు పలక ఆసియా కిందికి దిగుతున్న రోజులలో అక్కడ కూడా ఇప్పటి ఆండీస్ వంటి అగ్నిపర్వతాల వరుస ఉండేది. లడఖ్‌లోనూ దక్షిణ టిబెట్‌లోనూ ఈనాడు పొడవునా కనబడే గ్రానైటు శిలలు ఆ అగ్నిపర్వతాల కింద బయటికి రాకుండా గడ్డకట్టిన శిలాద్రవమే. సుమారు 5 కోట్ల ఏళ్ళ కిందట ఖండాలు రెండూ ఢీకొన్నాక ఆ సముద్రం మూసుకుపోయింది, నీటి సరఫరా ఆగిపోయింది.

కాలిఫోర్నియాలోని శాన్ ఆండ్రియాస్, తుర్కియేలోని ఉత్తర అనతోలియా భ్రంశాలది కూడా ఇలాంటి కథే. అక్కడ పలకలు ఒకదానినొకటి ఒరుసుకుంటూ పక్కకు జారతాయి కాబట్టి పైకి లేచే రాయీ లేదు, కిందికి దిగే నీరూ లేదు. 1906లో శాన్ ఫ్రాన్సిస్కోను, 1999లో ఇజ్మిత్‌ను కూల్చిన భూకంపాలు మాత్రం ఉన్నాయి.

రెండవ సమాధానం

పై వివరణ చాలావరకు సరిపోతుంది కనుక నేను హవాయి గురించి మాత్రమే రాస్తాను. అక్కడ జరిగేది కూడా ఒత్తిడి తగ్గడం వల్ల కరగడమే. అయితే పలకలు విడిపోయినందువల్ల కాక, చుట్టుపక్కల కన్నా వేడెక్కువైన ప్రావారపు రాయి తనంతట తానుగా పైకి లేచినందువల్ల. ఇటువంటి చోటును హాట్‌స్పాట్ అంటారు. 1963లో కెనడా భూభౌతిక శాస్త్రవేత్త జాన్ టూజో విల్సన్ ప్రతిపాదించిన ఆలోచన ఏమిటంటే, వేడి వచ్చే చోటు కదలకుండా ఉండగా, పైనున్న పలక దాని మీదుగా జరుగుతూ పోతుందని.

దీనికి సాక్ష్యం ద్వీపాల వయస్సులోనే ఉంది. ఆగ్నేయపు కొసన ఉన్న పెద్ద ద్వీపంలో కిలౌయా, మౌనా లోవా ఈనాటికీ చురుకుగా ఉన్నాయి. అక్కడి నుంచి వాయవ్యంగా సుమారు 500 కిలోమీటర్ల దూరంలో ఉన్న కవాయి ద్వీపపు శిలల వయస్సు దాదాపు 50 లక్షల ఏళ్ళు. ఈ రెండు అంకెలను భాగిస్తే ఏడాదికి సుమారు 10 సెంటీమీటర్లు వస్తుంది. పసిఫిక్ పలక వేగంగా ఇతర పద్ధతులు చూపే అంకెకు ఇది స్థూలంగా దగ్గరే. ఇంకా వాయవ్యానికి పోతే ద్వీపాలు అరిగి, కుంగి, నీట మునిగిన కొండలుగా మారతాయి. సుమారు 4.7 కోట్ల ఏళ్ళ వయస్సున్న చోట ఆ వరుస ఒక్కసారిగా ఉత్తరానికి మలుపు తిరిగి, ఎంపరర్ కొండలన్న పేరుతో కంచట్కా సమీపం దాకా వెళుతుంది. మొత్తం పొడవు 6,000 కిలోమీటర్లకు కాస్త తక్కువ. దూరపు కొసన ఉన్న కొండల వయస్సు 8 కోట్ల ఏళ్ళ వరకూ ఉంటుంది. ఇటువైపు, పెద్ద ద్వీపానికి ఆగ్నేయాన, సముద్రం అడుగున మరో అగ్నిపర్వతం ఇప్పటికే పెరుగుతున్నది. దాని శిఖరం నీటిమట్టానికి ఇంకా దాదాపు కిలోమీటరు కింద ఉంది.

విల్సన్ చెప్పినంత సరళంగా అంతా తేలిపోలేదన్నది కూడా గమనించాలి. ఆ మలుపు పలక దిశ మారడం వల్లనే వచ్చిందని చాలాకాలం అనుకున్నారు. ఎంపరర్ కొండల శిలలలో నిలిచిపోయిన అయస్కాంత గుర్తులను కొలిచినప్పుడు, అవి ఇప్పటి హవాయి కన్నా ఉత్తరపు అక్షాంశాలలో ఏర్పడ్డాయని తేలింది. అంటే హాట్‌స్పాట్ కూడా దక్షిణంగా జరిగిందన్నమాట. ఆ వేడి రాయి ప్రావారం అట్టడుగు నుంచి వస్తున్నదా, పైపొరల నుంచా అన్న వాదన కొన్ని హాట్‌స్పాట్‌ల విషయంలో ఇంకా నడుస్తూనే ఉంది.

హవాయిలో భూకంపాలు లేవని మాత్రం అనుకోవద్దు. 1975లో తీవ్రత 7 దాటిన భూకంపం ఒకటి, 2018 మే 4న కిలౌయా విస్ఫోటనం మొదలైన మరునాడు 6.9 తీవ్రతతో మరొకటి వచ్చాయి. అవి పలకల ఒరిపిడి వల్ల వచ్చినవి కావు. అగ్నిపర్వతం తన బరువుకు తాను, లోపల చొరబడుతున్న శిలాద్రవపు తోపుడుకు లోబడి, పాత సముద్రపు నేల మీదుగా దక్షిణపు వైపుకు జారడం వల్ల వచ్చినవి. సరిహద్దులలో ఒక కారణం పక్కన ఇంకో కారణం ఉండి రెండూ కలుస్తాయి. ఇక్కడ ఒకటి రెండోదాన్ని పుట్టిస్తుంది.

నీటి గురించి పైన చెప్పినదానికి ఇక్కడ ఒక అనుబంధం. హవాయి శిలాద్రవంలో నీరూ సిలికా తక్కువ కాబట్టి అది చాలావరకు పారుతుంది. సబ్‌డక్షన్ మండలాల శిలాద్రవంలో ఆ రెండూ ఎక్కువ కాబట్టి పేలుతుంది. 1980లో అమెరికాలోని సెయింట్ హెలెన్స్, 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో పేలడానికి వెనుక ఆ నీరే ఉంది.

మూడవ సమాధానం

సరిహద్దులలోనే భూకంపాలు వస్తాయని అనేటప్పుడు ఒక విషయం మరిచిపోతుంటాం. ఆ సరిహద్దులను గీసిందే భూకంపాల పటాన్ని చూసి. 1960ల మొదట్లో భూగర్భ అణుపరీక్షలను కనిపెట్టడానికి ప్రపంచమంతటా ఒకే రకమైన భూకంప లేఖినులను నెలకొల్పారు. వాటితో భూకంప కేంద్రాలను అంతకు ముందెన్నడూ లేనంత కచ్చితంగా గుర్తించగలిగాక, ఆ చుక్కలు సన్నని పట్టీలుగా తీరి కనబడ్డాయి. జర్మన్ శాస్త్రవేత్త వెగెనర్ 1912లోనే ఖండాల కదలికను ప్రతిపాదించినా, అది పలకల సిద్ధాంతంగా స్థిరపడింది 1960ల చివరిలోనే. కాబట్టి ఆ గీతలను భూకంపాలకు కారణంగా చూపడంలో కొంత జాగ్రత్త అవసరం.

పైగా సముద్రాలలో సన్నగా కనబడే ఆ పట్టీలు ఖండాలలోకి వచ్చేసరికి వెడల్పైపోతాయి. హిమాలయాల నుంచి టిబెట్, తియాన్ షాన్ మీదుగా మంగోలియా వరకు భూకంపాలు చెదిరి కనబడతాయి. అక్కడ సరిహద్దును గీతగా గాక వేల కిలోమీటర్ల వెడల్పున్న ప్రాంతంగా చూడటమే న్యాయం. ఇక 1811–12లో అమెరికాలోని న్యూ మాడ్రిడ్, 1976లో చైనాలోని తాంగ్‌షాన్, 1993లో మహారాష్ట్రలోని కిల్లారి భూకంపాలు పలకల లోపలి భాగాలలో వచ్చినవి. దూరాన ఉన్న సరిహద్దుల ఒత్తిడి పలక అంతటా వ్యాపించి, ఎప్పటివో పాత బలహీన తలాల మీద బయటపడుతుంది. పైన చెప్పిన లెక్క ఇక్కడ కూడా నిలుస్తుంది. విరగడానికి ఒత్తిడి చాలు; కరగడానికి ఒత్తిడి చాలదు. అందుకే ఆ మూడు చోట్లా అగ్నిపర్వతం ఊసే లేదు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. హిమాలయాలు, హవాయి స్పష్టమయ్యాయి. ఆండీస్ సంగతి మిగిలిపోయింది. ఇంకొక సందేహం. రాయి 350 డిగ్రీల దగ్గరే సాగడం మొదలుపెడితే, 1994లో బొలీవియా కింద 600 కిలోమీటర్లకు పైగా లోతున 8.2 తీవ్రతతో భూకంపం ఎలా వచ్చింది? అంత లోతున విరగడానికి గట్టి రాయి ఎక్కడిది?

మొదటి సమాధానం ఇచ్చినవారు

మీ రెండు ప్రశ్నలకూ జవాబు దిగే పలక తీరులోనే ఉంది.

ఆండీస్ కింద నాజ్కా పలక చాలాచోట్ల సుమారు 30 డిగ్రీల వాలుతో దిగుతుంది. మీరు చెప్పిన రెండు ఖాళీలలో మాత్రం అది సుమారు 100 కిలోమీటర్ల లోతు వరకు మామూలుగా దిగి, అక్కడి నుంచి వందల కిలోమీటర్ల మేర ఖండం అడుగున దాదాపు అడ్డంగా సాగి, ఆ తరువాత గాని మళ్ళీ కిందికి వంగదు. అలా అడ్డంగా సాగినప్పుడు రెండు పలకల మధ్య ఉండవలసిన ఆ త్రికోణాకారపు వేడి ప్రావారం పక్కకు నెట్టుకుపోతుంది. మిగిలినది కూడా కింద ఉన్న చల్లని పలక వల్ల చల్లబడిపోతుంది. కరగడానికి అనువైన వేడి రాయి లేనప్పుడు నీరు వచ్చినా ప్రయోజనం లేదు. దక్షిణ పెరూలో పలక మళ్ళీ ఏటవాలుగా దిగడం మొదలైన చోటనే అగ్నిపర్వతాలు తిరిగి మొదలవడం ఈ వివరణకు గట్టి బలం.

పలక అలా ఎందుకు తేలుతున్నది అన్నదానికి ఎక్కువమంది చూపే కారణం, దానిపై ఉన్న సముద్రగర్భపు గట్లు. పెరూ తీరం దగ్గర నాజ్కా రిడ్జ్, చిలీ దగ్గర హువాన్ ఫెర్నాండెజ్ రిడ్జ్ దిగుతున్నాయి. అక్కడ పటలం మామూలు కన్నా మందం, అందువల్ల తేలిక. ఇదొక్కటే చాలదనీ, పైనున్న ఖండం ఎంత వేగంగా ముందుకు వస్తున్నదన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలనీ వాదించేవారున్నారు. నాకు వారి వాదనే సబబుగా తోస్తుంది, ఎందుకంటే ఇటువంటి గట్లు దిగుతున్న ప్రతి చోటా పలక అడ్డంగా సాగడం లేదు.

ఇలా అడ్డంగా సాగిన పలక పైనున్న ఖండాన్ని ఎక్కువ మేర ఒరుసుకుంటుంది కాబట్టి ఒత్తిడి తీరానికి ఎంతో దూరాన ఉన్న లోపలి ప్రాంతాల దాకా వెళుతుంది. 1944లో అర్జెంటీనాలోని శాన్ హువాన్ నగరాన్ని నేలమట్టం చేసిన భూకంపం చిలీ ఖాళీకి తూర్పున, అటువంటి ప్రాంతంలోనే వచ్చింది. అంటే అగ్నిపర్వతాలను ఆర్పిన పరిస్థితే భూకంపాలను లోపలికి విస్తరింపజేసింది.

ఇక లోతైన భూకంపాలు. జపాన్‌లో కియో వదాతి, ఆ తరువాత అమెరికాలో హ్యూగో బెనియోఫ్ గమనించినట్లు, భూకంప కేంద్రాలు కందకం దగ్గర లోతు తక్కువగా మొదలై, ఖండం వైపు వెళ్ళేకొద్దీ ఒక వాలు తలం వెంబడి సుమారు 700 కిలోమీటర్ల దాకా దిగుతాయి. ఆ తలమే దిగే పలక. రాయి వేడిని చాలా నెమ్మదిగా పీల్చుకుంటుంది కాబట్టి, ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు దిగే పలకకు చుట్టూ ఉన్న ప్రావారమంత వేడెక్కే వ్యవధి ఉండదు. 600 కిలోమీటర్ల లోతున కూడా దాని నడిభాగం పరిసరాల కన్నా కొన్ని వందల డిగ్రీలు చల్లగా ఉంటుంది. పైగా నేను చెప్పిన 350 డిగ్రీల హద్దు క్వార్ట్జ్ ఉన్న ఖండపు రాయిది. పలకలోని, ఆలివిన్ అనే ఖనిజం ఎక్కువగా ఉన్న శిల అంతకన్నా ఎక్కువ వేడిని తట్టుకుని గట్టిగా ఉంటుంది.

అయితే గట్టిగా ఉన్నంత మాత్రాన చాలదు. అంత ఒత్తిడిలో రెండు రాతి ముఖాలు మామూలు రాపిడిని దాటి ఒకదానిపై ఒకటి జారడం దాదాపు అసాధ్యం. సుమారు 300 కిలోమీటర్ల లోతు వరకు, ఖనిజాలు వదిలే నీరే ఆ రాపిడిని తగ్గిస్తుందని చాలామంది అంగీకరిస్తారు. అంటే పైనున్న ప్రావారాన్ని కరిగించే నీరే, బయలుదేరిన చోట పలకను విరగనిస్తున్నది. ఇంకా లోతున, ఆలివిన్ మరింత సాంద్రమైన స్ఫటికరూపంలోకి హఠాత్తుగా మారడం వల్ల భ్రంశం మొదలవుతుందన్నది ఒక ప్రతిపాదన. జారుడు వేడికి రాయి సన్నటి పొరగా మెత్తబడి జారుడు మరింత వేగమవుతుందన్నది మరొకటి. వీటిలో ఏదీ ఇంకా తిరుగులేనిదిగా నిలవలేదు. అంత లోతున పుట్టినందువల్ల బొలీవియా భూకంపం ఉపరితలం మీద పెద్దగా నష్టం చేయలేదు గాని, దాని కంపనాలు కెనడాలోని టొరంటో వరకూ తెలిశాయి.

నాల్గవ పాఠకులు

ఈ చర్చకు సంబంధించినదే కాబట్టి అడుగుతున్నాను. కారణాలు వేరైనా, ఒక పెద్ద భూకంపం సమీపంలో ఉన్న అగ్నిపర్వతాన్ని మేల్కొలపగలదా?

రెండవ సమాధానం ఇచ్చినవారు

అప్పుడప్పుడు మేల్కొలుపుతుంది. 1960 మే 22న చిలీలో 9.5 భూకంపం వచ్చిన రెండు రోజులకే కోర్డోన్ కావ్యే అగ్నిపర్వతం బద్దలైంది. భూకంపం చుట్టుపక్కల పటలంలోని ఒత్తిడిని ఒక్కసారిగా మారుస్తుంది; శిలాద్రవం గదిని ఒకచోట నొక్కవచ్చు, ఇంకొకచోట పైనున్న పగుళ్ళను తెరవవచ్చు, బలమైన కుదుపుకు లోపలి వాయువులు బుడగలుగా విడివడవచ్చు. అయితే శిలాద్రవం అప్పటికే విస్ఫోటనానికి చేరువలో ఉండాలి. భూకంపం దాన్ని తయారుచేయలేదు, తొందరపెట్టగలదు. ఫ్యూజీ పర్వతం విషయంలో ఈ తేడా చక్కగా కనబడుతుంది. 1707 అక్టోబరు 28న దక్షిణ జపాన్ తీరంలో మహాభూకంపం వచ్చిన 49 రోజులకు అది బద్దలై, నేటి టోక్యో దాకా బూడిద కురిపించింది. 2011 మార్చి 11 నాటి తోహోకు భూకంపం జరిగిన నాలుగు రోజులకు ఏకంగా ఫ్యూజీ పాదాల దగ్గరే తీవ్రత 6 స్థాయి భూకంపం వచ్చినా విస్ఫోటనం జరగలేదు.